కార్తీకంలో రత్నగిరి: మెట్లా? బస్సా?

కార్తీకమాసం వచ్చిందంటే మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి కాలు ఒకచోట నిలవదు కదండీ! తెల్లవారుజామున కాలవ స్నానాలు, తులసికోట దగ్గర దీపాలు, సోమవారం ఉపవాసాలు, ఉసిరిచెట్టు కింద వనభోజనాలు. వీటన్నిటి మధ్యలో ఏదో ఒక రోజు వీలు చూసుకుని అన్నవరం వెళ్ళి, సత్యనారాయణ వ్రతం చేయించుకుని వస్తేగాని నెల నిండినట్టుండదు.

మాది కోనసీమలో ఒక పల్లెటూరు. మాకు ఎత్తంటే ఏటిగట్టే. ఎటు చూసినా వరిచేలు, కొబ్బరితోటలు. అలాంటి వాళ్ళం రావులపాలెంలో బస్సెక్కి, రాజమండ్రిలో రైలెక్కి, సామర్లకోట దాటి అన్నవరం స్టేషన్లో దిగేసరికి ఎదురుగా కొండ కనిపిస్తుంది. వానలు వెలిసిన శరదృతువు కదా, కొండంతా పచ్చగా కడిగి ఆరబెట్టినట్టుంటుంది. 2022లో జిల్లాలు విడిపోయాక అన్నవరం కాకినాడ జిల్లా అయింది, మేం కోనసీమ జిల్లా అయ్యాం. అయినా మాకది ఇప్పటికీ మన జిల్లా కొండే.

స్థలపురాణం మీకు తెలిసే ఉంటుంది. మేరు పర్వతానికి భద్రుడు, రత్నాకరుడు అని ఇద్దరు కొడుకులట. విష్ణుమూర్తి వరంతో భద్రుడు భద్రాచలమయ్యాడు, రత్నాకరుడు రత్నగిరి అయ్యాడు. మన గోదావరివాళ్ళు మొక్కే రెండు కొండలూ అన్నదమ్ములే అన్నమాట! ఇక్కడ స్వామి వెలసింది 1891లో అంటారు. గుడి రథం ఆకారంలో ఉంటుంది, నాలుగు మూలలా నాలుగు చక్రాలు. కింది అంతస్తులో యంత్రం, పై అంతస్తులో స్వామి. ఒక పక్క అనంతలక్ష్మీ సత్యవతీదేవి, మరొక పక్క ఈశ్వరుడు. శివకేశవులిద్దరూ ఒక్కచోట ఉన్నారు గనకే కార్తీకంలో అంత జనం.

సరే, అసలు విషయానికి వస్తాను. కొండ ఎత్తు సుమారు మూడు వందల అడుగులు. ఎక్కడానికి రెండు దారులు. ఒకటి మెట్లదారి. మెట్లు దాదాపు 460. రెండోది ఘాట్ రోడ్డు. బస్సులు, కార్లు ఆ దారిన గుడిదాకా వెళతాయి. మెట్లెక్కినా, బస్సెక్కినా ముందు కింద తొలి పావంచాల దగ్గర దణ్ణం పెట్టుకుని, కొబ్బరికాయ కొట్టి బయల్దేరడం మన ఆనవాయితీ.

ప్రతి ఏడూ మా ఇంట్లో సామర్లకోట దగ్గరే మొదలవుతుంది, "మెట్లా, బస్సా?" అని. పిల్లలు మెట్లంటారు. రెండేళ్ళ కిందట గుండెకి స్టెంటు వేయించుకున్న దగ్గరనుంచీ మావారు బస్సంటారు. మా అత్తయ్యగారు మాత్రం ఏమీ అనరు. ఆవిడ ఏమీ అనకపోవడం వల్లే నేను పెద్ద తప్పు చేశాను. అది చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మూడేళ్ళ కిందటి మాట. అత్తయ్యగారికి అప్పుడు డెబ్బై ఒకటి. మోకాళ్ళ నొప్పులు అప్పటికే ఉన్నాయి. "పెద్దావిడ, మెట్లెక్కలేరు. బస్సులో తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు మెట్లమీద మెల్లగా దింపుదాం. దిగడం ఏముంది, సుళువే కదా!" అని నేనే తేల్చేశాను. ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు. బస్సెక్కించాం. తొలి పావంచాల దగ్గర ఆవిడ కిటికీలోంచి మెట్లవైపు చేతులెత్తి దణ్ణం పెట్టారు. నేను చూశాను, కానీ పట్టించుకోలేదు.

వ్రతం అయింది. విస్తరాకులో కట్టిచ్చిన వేడి వేడి ప్రసాదం తిన్నాం. గోధుమరవ్వతో చేసే ఆ ప్రసాదానికి, ఇంట్లో మనం ఎంత నెయ్యి పోసి చేసినా ఆ రుచి రాదు, అదేమిటో! తర్వాత మెట్లమీద దిగడం మొదలుపెట్టాం. యాభై మెట్లు బాగానే దిగారు. వందో మెట్టు దగ్గర గోడ పట్టుకున్నారు. ఆ తర్వాత ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి, పళ్ళు బిగించి దిగారు. ఇంటికొచ్చేసరికి కుడి మోకాలు గుమ్మడికాయలా వాచిపోయింది. పన్నెండు రోజులు మంచం దిగలేదు.

డాక్టరుగారికి జరిగింది చెబితే, "మీరు సరిగ్గా తిరగేసి చేశారమ్మా" అన్నారు. ఎక్కేటప్పుడు పని గుండెకి, ఊపిరికి ఎక్కువట. దిగేటప్పుడు భారం మోకాలికి ఎక్కువట. దిగుతున్నప్పుడు ఒళ్ళంతా వంగిన మోకాలి మీద పడుతుంది, తొడ కండరాలు దాన్ని కిందపడకుండా ఆపుకుంటూ రావాలి. అరిగిన మోకాళ్ళకి అది చాలా కష్టం. నాకైతే అప్పటిదాకా ఆ సంగతి తెలీదు. మీలో ఎంతమందికి తెలుసు చెప్పండి? మనందరం "ఎక్కడం కష్టం, దిగడం సుళువు" అనేగా అనుకుంటాం!

ఆ పన్నెండు రోజుల్లో ఒక రాత్రి కాళ్ళకి కాపడం పెడుతుంటే అత్తయ్యగారు నోరు విప్పారు. మావారికి మూడేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి ఇక లాభం లేదనుకున్నారట. అప్పుడు, "కాళ్ళలో సత్తువ ఉన్నన్నాళ్ళూ కార్తీకంలో నీ మెట్లెక్కి వస్తాను స్వామీ" అని మొక్కుకున్నారట. నలభై ఏళ్ళకి పైగా ఒక్క ఏడూ తప్పలేదట. "మరి నాకెందుకు చెప్పలేదత్తయ్యగారూ?" అంటే, "నువ్వు అడిగితే కదమ్మాయ్ చెప్పడానికి" అన్నారు. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

మరుసటి ఏడు డాక్టరుగారిని ముందుగా అడిగాం. గుండె, ఊపిరి బాగున్నాయి గనక మెల్లగా ఎక్కవచ్చు, దిగడం మాత్రం వద్దన్నారు. అప్పటికి మావారికి స్టెంటు వేయించి కొద్ది నెలలే అయింది. ఆయన బస్సులో వెళ్ళారు. నేనూ, పిల్లలూ, అత్తయ్యగారూ తెల్లవారకముందే మెట్లు మొదలుపెట్టాం. 460 మెట్లంటే మేడకి ఇరవై మెట్ల లెక్కన ఇరవైమూడు అంతస్తులు ఎక్కినట్టు. ఒక్కసారిగా తలుచుకుంటే భయం వేస్తుంది. అందుకని నేను లెక్కపెట్టాను, ముప్ఫై మెట్లకోసారి కూర్చోవడం, రెండు గుక్కల నీళ్ళు తాగడం. పక్కనుంచి మెట్లపూజ చేసేవాళ్ళు ప్రతి మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ పెట్టుకుంటూ వెళుతున్నారు. మేం పైకి చేరేసరికి గంట దాటింది. అప్పటికి ఎండ పొడుచుకొచ్చి, కింద పంపానది తళతళా మెరుస్తోంది. అత్తయ్యగారు కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంక ఫరవాలేదు" అన్నారు. ఎవరికి ఫరవాలేదో నేను అడగలేదు. వచ్చేటప్పుడు అందరం బస్సులో దిగాం. మోకాలు వాచలేదు.

అందుకని సోదరీమణులకు నేను చెప్పేదేమిటంటే, ఏ దారి గొప్పది అని కాకుండా, ఇంట్లో ఎవరికి ఏది కుదురుతుందో చూసుకోండి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎలాగైనా మెట్లెక్కాలనుకుంటే డాక్టరుని అడిగి ఎక్కడం వరకే పెట్టుకోండి, దిగడం బస్సులో. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు ఎక్కేటప్పుడే బస్సెక్కండి. నిండు గర్భిణులు, ఆపరేషనయి ఎన్నాళ్ళో కానివాళ్ళు రెండు పూటలా బస్సే. బస్సులో కళ్ళు తిరిగేవాళ్ళకి ముందు సీటు చూసి కూర్చోబెట్టండి, ఘాట్ రోడ్డు మలుపులు కదా.

షుగరు ఉన్నవాళ్ళకి ఇంకొక మాట. వ్రతం అయ్యేదాకా ఏమీ తినకూడదని ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని మెట్లెక్కకండి, కళ్ళు తిరిగి పడిపోతారు. ఉపవాసం సంగతి డాక్టరుని ముందే అడగండి. కొంగున రెండు పటికబెల్లం ముక్కలు కట్టుకోండి.

మెట్లకి పట్టుచీర వద్దు. నూలు చీర కట్టుకుని కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి. పట్టుచీర సంచిలో పెట్టుకుంటే పైన మార్చుకోవచ్చు. మెట్లమీద పసుపునీళ్ళు, దీపాల నూనె, కొబ్బరినీళ్ళు పడి జారుతుంటాయి, చూసి అడుగెయ్యండి. ఎండెక్కితే వట్టికాళ్ళు కాలతాయి గనక తెల్లవారుజామునే మొదలుపెట్టండి. ఆదివారాలు, సోమవారాలు, ఏకాదశి, పౌర్ణమి కాకుండా మామూలు రోజు చూసుకుంటే పెద్దవాళ్ళు కూర్చుని లేచేందుకు మెట్లమీద చోటుంటుంది. తుపాను కబురుంటే మరో రోజుకి వాయిదా వేసుకోండి, మాసం ముప్ఫై రోజులుంటుంది.

పోయిన కార్తీకంలో ఏమైందో చెప్పి ముగిస్తాను. రైల్లో ఈసారి నేనే ముందుగా, "అత్తయ్యగారూ, మెట్లా, బస్సా? మీరు ఎలా అంటే అలా" అన్నాను. ఆవిడ కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, "ఈ ఏడు బస్సెక్కుతానమ్మాయ్. సత్తువ ఉన్నన్నాళ్ళూ అనే కదా మొక్కుకున్నది. అబద్ధమాడితే సత్యదేవుడు ఊరుకుంటాడా?" అని నవ్వారు.

తొలి పావంచాల దగ్గర బస్సెక్కకముందు మొదటి మెట్టుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దీపం వెలిగించారు. "మిగతావి నువ్వు ఎక్కు" అని కుంకుమ భరిణె నా చేతిలో పెట్టారు. ఆ ఏడు మెట్లు నేను ఎక్కాను. ముప్ఫై మెట్లకోసారి ఆగాను కూడా, అలవాటుగా.