గుండె ఆపరేషన్ తరువాత ఇంటి దారి

కర్నూలు నుండి కడపకు పోయే రోడ్డుకు తోడుగా చాలా దూరం కె.సి. కాలువ వస్తుంది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ పడవలు నడపడానికీ పైర్లకు నీళ్లివ్వడానికీ తవ్వించిన కాలువ అది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్లించి నంద్యాల మీదుగా కడప సీమకు తెస్తుంది. నిరుడు మార్చిలో ఆ దారినే మా చిన్నాయనను ఇంటికి తీసుకొని వచ్చాము. కర్నూలు పెద్దాసుపత్రిలో బైపాస్ ఆపరేషన్ జరిగి అప్పటికి పన్నెండు దినాలు.

జమ్మలమడుగు దగ్గరి మా పల్లెకు మామూలుగా నాలుగు గంటలు. ఆ రోజు ఏడు గంటలు పట్టింది. గంటకోసారి కారు ఆపి నాలుగడుగులు నడిపించమని డాక్టరుగారు చెప్పారు. ఎక్కువసేపు కాళ్లు వేలాడేసి కూర్చుంటే నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చునట. ఓర్వకల్లు రాతిగుట్టల నీడలో మొదటిసారి దిగాము. ఎదకూ బెల్టుకూ మధ్య చిన్న దిండు పెట్టాము. గతుకు వచ్చినా, దగ్గు వచ్చినా ఆయన ఆ దిండును రెండు చేతులా హత్తుకొనేవారు. నంద్యాల దాటాక ఎడమవైపు నల్లమల కొండలు, రెండువైపులా నల్లరేగడి చేలు. శనగ కోసేశారు. "అందరి చేలూ ఖాళీ అయినాయి, మనదే ఎట్లుందో" అన్నారు చిన్నాయన. ఆయన మనసంతా అక్కడే ఉంది.

మా తాతల కాలంలో ఇటువంటి జబ్బుకు వేలూరు మిషన్ ఆసుపత్రికో మద్రాసుకో పోవలసినదే. పోలేనివారు ఇంటిలోనే ఉండిపోయేవారు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు స్థాపించిన కాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. ఒకప్పుడు అక్కడ డాక్టరుగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యాక, 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడది ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పేదవాని గుండెకు కోత పడటం నేడు వింత కాదు. కోత తరువాతి మూడు నెలలు మాత్రం ఇంటివారి చేతిలోనే ఉన్నాయి.

ఊరిలో రెండు రకాల సలహాలు ఎదురయ్యాయి. గుండె కోసినవాడు మంచం దిగకూడదని ఒకరు, కుట్లు మానాయి గదా, చేనికి పోవచ్చునని మరొకరు. రెండూ ప్రమాదమే. రొమ్ము మధ్య ఎముకను నిలువునా కోసి, తిరిగి స్టీలు తీగతో బిగిస్తారు. పైచర్మం తొందరగా మానుతుంది. ఎముక అతకడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు, గట్టిపడటానికి మూడు నెలలు పడుతుంది. అందాకా రెండు మూడు కిలోలకు మించి ఎత్తకూడదు. నిండు బిందె పదిహేను కిలోలు తూగుతుంది! బోరింగు కొట్టడం, ఎద్దుల పగ్గం లాగడం, మోటారుసైకిలు నడపడం అన్నీ మానాలి.

మా ప్రాంతంలో ఎండాకాలం చల్లని కడప బండల మీద పడుకోవడం అలవాటు. నేల మీదనుండి లేవాలంటే చేతులు ఊనాలి, ఎదపై బరువు పడుతుంది. నులక మంచం కుంగుతుంది గనుక అదీ పనికిరాదు. ఎత్తైన చెక్క మంచం వేసి, పక్కకు ఒత్తిగిలి కాళ్లు దించి లేవడం నేర్పించాము. దొడ్డికి నడుమ రంధ్రమున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాము. ఆ కుర్చీ చేసిన మేలు ఇంతింత కాదు.

తిండి సంగతే చిన్నమ్మకు కష్టమైంది. సంగటి పెట్టవచ్చు గానీ పక్కన ఊరగాయ లేకుంటే ఆయనకు ముద్ద దిగదు. ఉప్పు ఒంటిలో నీరు నిలుపుతుంది, గుండెకు భారం. నిమ్మరసం, వెల్లుల్లి, కొత్తిమీరతో పప్పు చేసి పెట్టేది. కవాటం మార్పించుకొని రక్తం పలుచనయ్యే మాత్రలు వాడేవారు ఆకుకూరను ఒకరోజు ఎక్కువ, ఒకరోజు సున్నా అనకుండా ఒకే కొలతలో తినాలి. రక్తపరీక్ష తప్పకూడదు. డాక్టరును అడగకుండా ఎవరిచేతా సూది వేయించుకోరాదు.

మూడవ వారంలో చిన్నాయన ఊరకనే ఏడ్చేవారు. "పేణం విసుగొస్తాంది నాయనా" అనేవారు. ఈ ఆపరేషన్ తరువాత చాలామందికి అలా ఉంటుందనీ, క్రమంగా తగ్గుతుందనీ, తగ్గకపోతే చెప్పమనీ డాక్టరుగారు అన్నారు. ప్రార్థనకు వచ్చిన సంఘస్థులలో కొందరు రెండు గంటలు కూర్చునేవారు. ప్రేమ మంచిదే, పది నిమిషాల ప్రేమ చాలు. జలుబు, దగ్గు ఉన్నవారు వాకిట్లోనుండే పలకరించి పోవాలి. జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడి చీము కారినా, ఎముక టకటకమన్నా, రెండు రోజుల్లో కిలోకు పైగా బరువు పెరిగినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి పోవలసినదే. గాయానికి పసుపూ నూనే పూయవద్దు. సబ్బునీళ్లతో మెల్లగా కడిగి అద్ది తుడిస్తే చాలు.

రోజూ తెల్లవారుజామున నడక. మొదట మా వీధి చివరిదాకా, తరువాత గుడిదాకా, ఏప్రిల్ చివరకు పెన్న ఇసుక కనబడేదాకా. ఎనిమిదయితే ఎండ మండుతుంది గనుక ఇంటికి తిరిగేవారము.

పదకొండవ వారంలో కర్నూలులో చూపించుకొని వచ్చాక గండికోటకు పోయాము. పొద్దు పొడవకముందే చేరి, కోటలోని ధాన్యాగారం, మసీదు దాటి, రెండుచోట్ల కూర్చుంటూ లోయ అంచుదాకా నడిచారు. కింద ఎర్రని కొండగోడల మధ్య పెన్న. చాలాసేపు చూసి, "వాన పడితే ఈ తూరి గొర్రు నేను పట్టకూడదా?" అని అడిగారు.

"ఈ తూరికి నువ్వు గట్టు మీదే, చిన్నాయనా" అన్నాను.

"సరే, విత్తనాల సంచి అయినా ఇయ్యి."

"రెండు కిలోలదయితే ఇస్తా."