అమ్మ వాటా బేడ

మా అడవిపొలంలో తాతయ్య వదిలిన చిన్న కొబ్బరితోట ఉంది. వాటాలు ఆయన అణాల్లోనే రాశారు. పెద్దమావయ్యకి ఎనిమిది, చిన్నమావయ్యకి ఆరు, అమ్మకి రెండు. దేశంలో 1957లోనే రూపాయికి వంద నయాపైసలు వచ్చినా, వాటాల దగ్గర మాత్రం మనవాళ్ళు పదహారణాలు వదల్లేదు.

ఈ సెమిస్టర్‌లో మాకు పైథాన్ పేపరు ఉంది. సంఖ్యలకి సొంతంగా ఒక క్లాస్ రాయమన్నారు. నేను ‘భిన్నం’ రాశాను. లోపల రెండే అంకెలు, పైదీ కిందదీ. కింద సున్నా వస్తే ఒప్పుకోకూడదు. అంతవరకూ తేలికే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, 2/16, 1/8 ఒకటేనా అని అడిగితే కాదంది. మా ఇంట్లో ఈ గొడవ రోజూ ఉండేదే. నాన్నది కారైకాల్, ఇంట్లో తమిళమే మాట్లాడతారు. అమ్మ ‘పావు’ అంటే ఆయన ‘కాల్’ అంటారు. అమ్మ బేడ ఆయనకి ‘అరక్కాల్’, అంటే పావులో సగం. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఇక్కడి రూపాయికి ఎనిమిది ఫనాలట, అంటే అదీ బేడే! పేర్లు ఎన్నున్నా విలువ ఒకటే. అందుకని భిన్నం పుట్టగానే గసాభాతో రెండంకెల్నీ భాగించి పెట్టాను. ఇక ఎలా ఇచ్చినా లోపల 1/8 గానే ఉంటుంది.

తర్వాత కూడిక. అమ్మ వాటాతో మొదలెట్టి మావయ్యల వాటాలు కలిపాను. మొత్తం 1 వచ్చింది. భలే అనుకుని, మళ్ళీ అమ్మ వాటా ఎంతని అడిగితే అదీ 1 అంది! తోటంతా అమ్మదే. చెబితే అమ్మ పడీపడీ నవ్వింది, “అలాగే ఉంచెయ్యవే” అంది. తప్పు నాదే. కూడినప్పుడు కొత్త భిన్నం చేసి ఇవ్వాల్సింది పోయి, ఎడమ పక్కదాన్నే మార్చేశాను. అయిదుకి మూడు కలిపితే అయిదే మారిపోతుందా? సరిచేశాక అమ్మ మళ్ళీ బేడకి వచ్చేసింది.

ఇంకోటి కూడా తెలిసింది. కంప్యూటర్ అన్నీ సగాలు, సగంలో సగాలుగా దాస్తుంది. అందుకే మామూలు దశాంశాల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 చూపిస్తుంది గానీ, వీసాన్ని, అంటే పదహారో వంతుని, తు.చ. తప్పకుండా పెట్టుకుంటుంది. తాతయ్య లెక్కకి అసలు నా క్లాసే అక్కర్లేదన్నమాట!

అది అవసరమైంది వేరే లెక్కకి. ఎవరూ అడక్కుండానే ముగ్గురికీ 1/3 ఇచ్చి చూశాను. కలిపితే సరిగ్గా 1.

“అణాల్లో ఎంతే?” అంది అమ్మ, బియ్యం ఏరుతూ.

“అయిదణాలు, ఇంకో అణాలో మూడో వంతు.”

అమ్మ చేట పక్కన పెట్టి కాసేపు స్క్రీన్ చూసింది.

“మీ తాతయ్యకి చిల్లర లెక్కలు రావులే” అంది.