రెండు వైర్లు, నాలుగు వైర్లు, మా అత్తమ్మ చెవులు

మా ఇంట్లో పండుగొస్తే కొత్త బట్టల కన్నా ముందు కొత్త వైర్లు వస్తాయి. మా ఆయనకు పాటల పిచ్చి, సినిమాల పిచ్చి రెండూ ఉన్నాయి. హన్మకొండలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు వంటింటి అల్మారాలకు డబ్బులు సరిపోలేదు గానీ, హోం థియేటర్ వైర్ల కోసం మాత్రం హాల్ గోడల్లో పైపులు వేయించారు. ఒక్కొక్కరికి ఒక్కో సరదా అని ఊరుకున్నాను.

ఈసారి దసరా ముందు కొత్త మాట మొదలైంది. బై-ఆంపింగ్!

సంగతేంటంటే, మా రిసీవర్ ఏడు చానళ్లది. మాకున్నవి ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. అంటే రెండు చానళ్లు ఖాళీ. టీవీకి అటూ ఇటూ ఉన్న పెద్ద స్పీకర్ల వెనక వైర్లు బిగించడానికి రెండేసి జతలుంటాయి. పై జత సన్న శబ్దాలిచ్చే ట్వీటర్‌కి, కింది జత బేస్ ఇచ్చే వూఫర్‌కి. ఈ రెండు జతల్నీ కలుపుతూ చిన్న ఇత్తడి పట్టీలుంటాయి. అవి తీసేసి, ఖాళీగా ఉన్న చానళ్లను కూడా తెచ్చి తగిలిస్తే ఒక్కో స్పీకర్‌కి రెండేసి ఆంప్లిఫయర్లు పనిచేస్తాయన్నమాట.

"పవర్ డబుల్ అయితది. డైలాగులు సాఫ్‌గ వినిపిస్తయి. అమ్మ గూడ మంచిగ వింటది" అన్నారు.

నాలుగు పొయ్యిల స్టవ్వు ఉన్నదని రోజూ నాలుగు కూరలు వండుతామా అని అనబోయినదాన్ని, ఆ చివరి మాట విని ఆగిపోయాను.

మా అత్తమ్మకు డెబ్భై నాలుగేళ్లు. ఆదివారం రాత్రి అందరం కలిసి సినిమా చూడటం మామయ్య ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో అలవాటు. ఏడాది నుంచి ఆమె మధ్యలోనే లేచిపోతున్నది. "నాకు నిద్రొస్తాంది, మీరు చూడున్రి" అంటుంది. గదిలోకి తొంగిచూస్తే కళ్లు తెరుచుకొనే పడుకొని ఉంటుంది. ఒకరోజు కాళ్లకు నూనె రాస్తూ మెల్లగా అడిగాను. "వాళ్లేమంటాండ్రో సమజైతలేదు బిడ్డా. మీరందరు నవ్వుతాంటె నేను గూడ ఉత్తగనే నవ్వుతాన" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే వైర్లకూ, బనానా ప్లగ్గులకూ మూడు వేల చిల్లర అయినా కిక్కురుమనలేదు. (ప్లగ్గులకు అరటిపండు పేరెందుకో నన్నడగకండి!)

అంతలో మా పిన్ని కొడుకు ఇంటికొచ్చాడు. వాడిది సౌండ్ సర్వీసు. పెళ్లిళ్లకు, గణపతి నిమజ్జనానికి, బతుకమ్మకు బాక్సులు పెడతాడు. వైర్లు చూసి నవ్వాడు.

"అక్కా, మేం చేసేది అసలు బై-ఆంపింగ్. బేస్ డబ్బాలకు వేరే ఆంప్లిఫయర్, టాపులకు వేరే ఆంప్లిఫయర్. పాట ముందుగాలనే క్రాసోవర్‌ల రెండు ముక్కలైతది. సన్నది ఇటు, మోటది అటు. ఆ తర్వాతనే ఆంప్లిఫయర్లకు పోతది. బావ చేసేదాంట్ల రెండిటికీ మొత్తం పాటనే పోతది. ముక్కలు చేసేది స్పీకర్ లోపలి క్రాసోవరే, అది ఎక్కడిదక్కడనే ఉంటది. పైగ రిసీవర్‌ల కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే."

నాకు వెంటనే మా మేడ మీది ట్యాంకు గుర్తొచ్చింది. ఒకే పైపుకు రెండు నల్లాలు బిగించి ఒకే బకెట్ పెడితే నీళ్లు రెండింతలవుతాయా?

వాడింకో లెక్క కూడా చెప్పాడు. మా రిసీవర్ కాగితం మీద చానల్‌కు 80 వాట్లు అని ఉంది. అది రెండు చానళ్లే మోగినప్పటి లెక్కట. అన్నీ ఒకేసారి గట్టిగా మోగితే అంత రాదు. పోనీ, నిజంగానే పవర్ రెండింతలైనా పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి శబ్దం రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల పవర్ కావాలి. మనం ఇంట్లో మామూలుగా సినిమా చూసేటప్పుడు స్పీకర్లు వాడుకునేది కొద్ది వాట్లే.

మా ఆయన వింటారా? బిగించారు. తమ్ముడు మాత్రం దగ్గరుండి ఇత్తడి పట్టీలు తీయించాడు. అవి తీయకుండా వైర్లు కలిపితే రెండు ఆంప్లిఫయర్లు ఒకదానికొకటి తగిలి రిసీవరే పాడవుతుందట. చేసుకునేవాళ్లెవరైనా ఉంటే ఇది మరిచిపోకండి. రిసీవర్ మెనూలో కూడా ఆ రెండు చానళ్లను బై-ఆంప్‌కు మార్చాలి.

తర్వాత మా పెద్దోడు పరీక్ష పెట్టాడు. డాడీ కళ్లకు నా చున్నీ కట్టి, ఒకే పాట, ఒకే వాల్యూం. వెనక వైర్లు మార్చినా మార్చకపోయినా మార్చినట్టే చప్పుడు చేశాడు. ఆరు సార్లలో మూడు సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసా వేసినా అంతే కదా! "నాకు తేడా తెలుస్తాంది" అని మా ఆయన ఇప్పటికీ అంటారు. అననివ్వండి.

కానీ నా బాధ వేరు. అత్తమ్మ ఆ ఆదివారం కూడా లేచిపోయింది.

అప్పుడు తమ్ముణ్ణి అడిగాను, అసలు డైలాగులు ఏ స్పీకర్ నుంచి వస్తాయిరా అని. చాలామట్టుకు మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్ నుంచేనట. మేం వైర్లు మార్చింది పక్కన ఉన్న రెండింటికి! ఇక ఆ సెంటర్ స్పీకర్ ఎక్కడుందో చూస్తే, టీవీ స్టాండ్ కింది అరలో, గోడ వారకు ఉంది. దాని ముందు దళసరి కుట్టుపని గుడ్డ వేలాడుతున్నది. దుమ్ము పడుతుందని రెండేళ్ల కింద నా చేతులతో కుట్టి వేసింది నేనే. మా ఆయన నా వైపు చూశారు గానీ ఏమీ అనలేదు. అది ఆయన మంచితనం.

గుడ్డ తీసేశాను. స్పీకర్‌ని పై అరకు, ముందు అంచుకు జరిపి, కూర్చున్నవాళ్ల చెవుల వైపు కొద్దిగా వంచాం. రిసీవర్‌తో వచ్చిన చిన్న మైకును అత్తమ్మ కుర్చీ దగ్గర, ఆమె చెవులంత ఎత్తులో పెట్టి సెట్టింగ్ మళ్లీ చేయించాం. సెంటర్ శబ్దం ఒక్కటి 3 డెసిబెల్స్ పెంచాం. పైసా ఖర్చు కాలేదు.

అత్తమ్మ సినిమా సగం దాకా కూర్చుంది. అంటే మిగతా సగం చెవులదే. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర పరీక్ష చేయిస్తే వయసుతో సన్న శబ్దాలు తగ్గాయన్నారు. స, శ, త లాంటివి సరిగా అందవట. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటే మంచిదన్నారు. కొత్త పవర్ ఆంప్లిఫయర్ కోసం మా ఆయన దాచుకున్న డబ్బులున్నాయి. ఆ రాత్రి ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టారు.

కాబట్టి బై-ఆంపింగ్ చేయాలా అంటే, రెండు చానళ్లు ఖాళీగా ఉండి, వైర్లు ఇంట్లోనే ఉంటే సరదాకు చేసుకోండి, నష్టం లేదు. దానికోసం డబ్బులు పెట్టాలనుకుంటే మాత్రం ముందు స్పీకర్ ఎక్కడుందో చూడండి. ఆ తర్వాత, వినేవాళ్లను ఒకసారి అడగండి.

మొన్న ఆదివారం సినిమా అయిపోయే దాకా అత్తమ్మ కదల్లేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం కొడుకు వైపు తిరిగి, "ఏందిరా ఆ లొల్లి, పాటలప్పుడు జర తక్కువ పెట్టు!" అని కసిరింది.