ఇంటి దొంగ

2024 శ్రావణమాసంలో మా ఇంట్లో ఒక ఓడ పోయింది. సముద్రం లేని హైదరాబాదులో ఓడ ఏమిటని మీరు అడగవచ్చు. అది నీటి మీద తేలే ఓడ కాదు, అంతరిక్షంలో సరుకులు మోసే నౌక. కొత్తగా ఉద్యోగంలో చేరి మా ఇంట్లోనే ఉంటున్న మేనల్లుడు, ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటలో నాలుగు నెలలు కూడబెట్టి కొనుక్కున్నాడు. ఒక రాత్రి తొమ్మిదీ నలభైకి, దొంగలు చుట్టుముట్టిన సమయంలో అంతర్జాలం తెగింది. అది తిరిగి అతుక్కునేసరికి నౌక లేదు.

ఆ ఆట సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. ఐస్‌లాండువారు 2003 మే నెలలో విడుదల చేసిన ఆట అది. చైనాకు వేరుగా ఉన్నదాన్ని మినహాయిస్తే, ప్రపంచంలోని ఆటగాళ్ళంతా ఒకే విశ్వంలో తిరుగుతారు. ఆ విశ్వాన్ని నడిపే సర్వరు లండనులో ఉంది. అక్కడ పోయిన నౌక పోయినట్టే. బీమా ఉంటే కొంత సొమ్ము చేతికొస్తుంది గాని నౌక మాత్రం తిరిగి రాదు. పోరు మొదలయ్యాక మన తీగ తెగితే నౌక మాయమై తప్పించుకోదు. నడిపేవాడు లేకుండా అంతరిక్షంలోనే ఉండిపోయి దెబ్బలు తినవచ్చు.

ఒక మనిషి పలు ఖాతాలు పెట్టుకోవడం ఆ ఆటలో దొంగతనం కాదు. రుసుము కట్టి ఎన్నయినా నడుపుకోవచ్చు. ఒక్క మీట నొక్కితే అన్ని ఖాతాలూ ఒకేసారి కదిలేలా చేయడాన్ని మాత్రం 2015 జనవరి 1 నుంచి నిషేధించారు. మావాడికి మూడు ఖాతాలు, రెండు కంప్యూటర్లు. ఒక పాత్ర ఖనిజం తవ్వుతుంది, రెండోది మోస్తుంది, మూడోది దారిలో నిలబడి ఎవరొస్తున్నారో చూస్తుంది. మన సేద్యంలో ఒకరు దున్నేవారు, ఒకరు బండి తోలేవారు, ఒకరు మంచె మీద కావలి ఉండేవారు కదా, అలాగన్నమాట. మూడింటికీ రుసుము తన జీతంలోంచే కట్టుకుంటాడు. ఎవరినీ ఒక్క రూపాయి అడిగిన పాపాన పోలేదు.

అప్పటికి మూడు వారాలుగా రాత్రి తొమ్మిదిన్నర దాటాక మూడు ఖాతాలూ కలిసి తెగిపోతున్నాయి. వాడు నాకు రెండుసార్లు చెప్పాడు. ఇంట్లో రౌటరు అనే దేవుడికి అర్చకుణ్ణి నేనే. గుండుసూదితో పొడిచి దాన్ని మొదటి స్థితికి తెచ్చాను. ఆట కోసం పోర్టులు తెరవాలని ఎక్కడో విని తెరిచాను. అది దండగపని. బయటివారు మన తలుపు తట్టవలసినప్పుడే పోర్టులు తెరవాలి. ఈ ఆటలో మనమే బయటికి వెళ్ళి వారి తలుపు తడతాం. పైగా ఒక పోర్టును ఇంట్లో ఒక్క యంత్రానికే చూపగలం. చివరికి కనెక్షను ఇచ్చినవారికి ఫోను చేస్తే, అవతలి మనిషి "మూడు అకౌంట్లు ఒకేసారి ఆడితే అంతేనండీ" అన్నాడు. నా మనసులో ఉన్న మాటే అతని నోట వచ్చింది. ఇంకేం కావాలి!

నౌక పోయిన రాత్రి వాడు "మామయ్యా, నెట్ మళ్ళీ పోయిందండీ" అంటూ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. నేను తల ఎత్తకుండానే, "ఒక్కడివి మూడు వేషాలు వేస్తే ఏ రౌటరు మోస్తుందిరా? ఇంట్లో మిగతావాళ్ళు కూడా బతకాలి కదా" అన్నాను. వాడు మారు పలకకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. మరునాడు మా ఆవిడతో "అత్తయ్యా, ఆఫీసు దగ్గర హాస్టల్ చూసుకున్నాను, ఒకటో తారీకున వెళ్తాను" అన్నాడు. సాయంత్రం మా చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, వాడేమైనా తప్పు చేశాడా?" అని ఒక్కటే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, నేను వాడి మీద మోపిన నేరానికి సాక్ష్యం ఏముందా అని ఆలోచించాను. రౌటరు చేసే పని అసలు ఏమిటి? ఇంట్లోని యంత్రాలన్నిటికీ బయట ఒకే చిరునామా ఉంటుంది. 32 బిట్ల చిరునామాలు మొత్తం 429 కోట్ల పైచిలుకు మాత్రమే. అవి చాలవని తెలిసి 1994లోనే ఈ పంపకం పద్ధతిని పత్రంగా రాశారు. లోపలినుంచి వెళ్ళే ప్రతి సంభాషణకూ రౌటరు ఒక పోర్టు సంఖ్య కేటాయించి, తన పట్టీలో రాసుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు ఆ సంఖ్య చూసి, అడిగినవారికే అందజేస్తుంది. పోర్టు సంఖ్యలు 65,536. సాధారణ రౌటరు పట్టీలోనైనా వేల పంక్తులు పడతాయి. మూడు ఖాతాలంటే ఆ పట్టీలో కొద్ది పంక్తులు. ఒక వార్తాపత్రిక పుట తెరిస్తేనే అంతకంటే ఎక్కువ పడతాయి. బరువా అంటే అదీ లేదు. ఆట పంపేది బొమ్మలను కాదు, ఎవరు ఎటు కదిలారన్న కబురు మాత్రమే. ఒక్క సినిమా లాగే నీటిధారలో ఇవి మూడు చుక్కలు.

చిరునామా ఒకటే కావడం వల్ల సర్వరు అనుమానించి తోసేస్తోందేమో అనుకున్నాను. రౌటరు పుటలో చూస్తే మాకు దక్కిన బయటి చిరునామా 100.64తో మొదలయింది. అంటే కనెక్షను ఇచ్చినవారు తమ దగ్గర మరో పంపకం పెట్టి, మమ్మల్నీ పొరుగువారినీ కలిపి ఒకే చిరునామాతో బయటికి పంపుతున్నారు. 2012లో ఈ పనికోసమే కేటాయించిన వరుస అది. పలు ఇళ్ళు ఒకే చిరునామాతో తిరిగే లోకంలో మూడు ఖాతాలు వింత కాదు. ఆ సర్వరును రోజూ కాసేపు ఆపుతారు గాని అది మన సాయంత్రం నాలుగున్నరకు. మా తెగుదల తొమ్మిదిన్నరకు.

తెల్లవారాక వాడి గదికి వెళ్ళి, "నీ నౌక తేలేను గాని, కారణం వెతుకుదాం, వస్తావా?" అన్నాను. కాసేపు నన్ను చూసి ఒక కాగితం అందించాడు. వాడు అప్పటికే పరీక్ష పెట్టాడు. ఆదివారం పొద్దున పదింటినుంచి మూడు గంటలసేపు మూడు ఖాతాలూ ఆడాడు, ఒక్కసారీ తెగలేదు. సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఒక్క ఖాతా మాత్రమే తెరిచాడు, రెండుసార్లు తెగింది. ఖాతాల మీది నేరం ఆ రెండు పంక్తులతో కొట్టుకుపోయింది. మూడూ కలిసి ఆడేది రాత్రిపూట, తెగేదీ రాత్రిపూట. నేను ఆ రెంటినీ ముడిపెట్టి తీర్పు చెప్పాను. వాడు ముడి విప్పి, ఒక్కొక్కటీ మార్చి చూశాడు. ఆ కాగితం నాకెందుకు చూపలేదని అడిగితే, "మీరు ఒప్పుకోరనుకున్నానండీ" అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చున్నాం. వాడి కంప్యూటరుకు వైఫై మాని తీగ తగిలించాం. తెరమీద రెండు నల్ల కిటికీలు తెరిచాం. ఒకదానిలో రౌటరుకు, అంటే 192.168.1.1కు పింగ్, రెండోదానిలో బయటి చిరునామా ఒకదానికి పింగ్. తొమ్మిదీ ఇరవై అయిదుకు మొదటిది 1 మిల్లీసెకను, రెండోది 20. తొమ్మిదీ ముప్పై ఒకటికి మొదటిది 1 దగ్గరే ఉంది. రెండోది 400, 1100, 2100, ఆపైన జవాబే లేదు. అంటే మా తీగ, మా రౌటరు దాకా దారి బాగానే ఉంది. జాం అవుతున్నది ఇల్లు దాటే గడప దగ్గర. ఎవరో ఆ గడపలో మూటలు దించుతున్నారు.

రౌటరు పుటలో ఏ యంత్రం ఎంత పంపుతోందో చూపే జాబితా ఉంది. వాడే తెరిచాడు. అన్నిటికన్నా పైన ఉన్న పేరు: నాన్నగారు.

అది నేను పెట్టిన పేరే. మా నాన్నగారు ముప్పై ఏళ్ళపాటు రాసుకున్న దినచర్యలు, దాచుకున్న ఉత్తరాలు చెదలకు అందకుండా స్కాన్ చేసి పెట్టే కంప్యూటరది. జూలైలో ఆ పని మొదలుపెట్టాను. 600 చుక్కల నాణ్యతతో, రంగుల్లో, కుదించకుండా దాస్తే ఏ4 పుట దాదాపు 100 మెగాబైట్లు. రోజుకు 45 పుటలు, అంటే 4500 మెగాబైట్లు. ఒక ప్రతి బయట భద్రంగా ఉండాలని రాత్రి తొమ్మిదిన్నరకు అది తనంతట తానే ఎక్కేలా అమర్చి, ఆ సంగతే మరచిపోయాను. మా కనెక్షనులో దిగుమతి వేగం సెకనుకు 100 మెగాబిట్లు, ఎగుమతి 10. లెక్క వేయండి: సరిగ్గా గంట. మూడు వారాలుగా రోజూ ఆ గంటసేపు ఇంటి గడప మూసింది నేనే.

వేగం పంచుకోవడం ఒక్కటే అయితే ఆట కొంచెం మందగించేది, తెగేది కాదు. అసలు చిక్కు వేచి ఉండే గదిలో ఉంది. గడప దగ్గరి పెట్టెలో రెండున్నర మెగాబైట్ల నిల్వస్థలం ఉంటే, 10 మెగాబిట్ల దారిలో అది ఖాళీ కావడానికి రెండు సెకన్లు పడుతుంది. నా పుటలు ఆ గదిని ఎప్పుడూ నింపే ఉంచుతాయి. వెనక వచ్చిన ఆట కబురు వంద బైట్లదైనా వాటన్నిటి వెనకా నిలబడాలి. నిల్వ పెరిగేకొద్దీ మేలనుకోవడం వల్ల వచ్చిన జబ్బు ఇది. 2010లో జిమ్ గెట్టీస్ తన ఇంటినుంచి పాత దస్త్రాలు ఎక్కిస్తూ దీన్ని గమనించి వెలుగులోకి తెచ్చారు; బఫర్‌బ్లోట్ అంటారు. 2012లో క్యాథ్లీన్ నికొల్స్, వాన్ జేకబ్‌సన్ దీనికి మందు చెప్పారు: వరుస ఎంత పొడవుందని కాదు, అందులో ఒక్కొక్కటీ ఎంతసేపు నిలబడిందో చూసి, ఆలస్యం కొనసాగితే కొన్నిటిని వదిలివేయడం. దానికి, ఎవరి వరుస వారికి పెట్టే ఏర్పాటును కలిపినదే ఎఫ్‌క్యూ కోడెల్.

మా రౌటరులో ఆ ఏర్పాటు ఎస్‌క్యూఎం పేరుతో ఉంది. ఎగుమతిని 8.5 మెగాబిట్లకు కట్టడి చేశాం. ఉన్న వేగం కంటే కాస్త తక్కువ పెట్టాలి; అప్పుడే వరుస పరాయి పెట్టెలో కాక మన అదుపులో ఉన్న పెట్టెలో నిలుస్తుంది. నాన్నగారిని తెల్లవారుజాము మూడింటికి మార్చాం. పరీక్ష కోసం ఒకసారి తొమ్మిదిన్నరకే ఎక్కించి చూశాం. పింగ్ 30 దాటలేదు. మూడు ఖాతాలూ ఆడాయి. నేను తెరిచిన పోర్టులన్నీ మూసేశాను.

పెద్దవాళ్ళు తప్పయిందని చెప్పే అలవాటు మన ఇళ్ళలో తక్కువ. ఒక కాఫీ కలిపి ఇచ్చి, అదే క్షమాపణ అనుకోమంటాం. కాఫీ ఇచ్చాను, మాటా చెప్పాను. "తప్పు నాదిరా. చూడకుండా అన్నాను." వాడు "పోనీలెండి మామయ్యా, తాతగారే కదా" అన్నాడు. చెల్లెలికి కూడా నేనే ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటి దొంగను పట్టింది ఇరవై మూడేళ్ళ కుర్రాడు. నన్ను పట్టుకుని కూడా ఒక్క మాట అనలేదు.

ఒకటో తారీకున హాస్టలుకు మాత్రం వెళ్ళాడు. బయానా ఇచ్చేశానన్నాడు. అదొక్కటే కారణమని నేననుకోను. ఆదివారాలు వస్తున్నాడు. స్కానరు దగ్గర కూర్చుని, నేను పుటలు తిప్పుతుంటే వాడు మీట నొక్కుతాడు. తాతగారి దస్తూరి అర్థం కాని చోట నన్ను అడుగుతాడు. నాకూ అర్థం కాకపోతే, ఈమధ్య, తెలియదనే చెబుతున్నాను.