అత్తమ్మ కోసం పల్లీల మిల్క్‌షేక్

మా సోలాపూర్ ఇళ్లల్లో పల్లీలు లేని పూట ఉండదు. కడక్ భాకరీ పక్కన శేంగ చట్నీ లేకపోతే మా ఇంట్లో మగవాళ్లు పళ్లెం ముందర కూర్చోరు. వేయించిన పల్లీలు, ఎల్లిపాయ, కారం, ఉప్పు రోట్లో వేసి నూనె తేలేదాకా దంచడం మన ఆడవాళ్లకు ఒకరు నేర్పించాల్సిన పని కాదు. ఎల్లిపాయ, కారం తీసేసి ఇంకాస్త మెత్తగా నూరితే అదే పీనట్ బట్టర్. అయినా మన పిల్లలు దాన్ని డబ్బాలో కొనుక్కొస్తున్నారు. ఆ డబ్బా ఒకసారి వెనక్కి తిప్పి చదవండి, చాలావాటిలో చక్కెర కూడా ఉంటుంది.

నేను దీని వెంట పడింది మా అత్తమ్మ కోసం. పూర్వభాగ్‌లో బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి. షుగర్ వచ్చి పదకొండేళ్లు. మాత్రలు వేసుకుంటది, పొద్దున నడుస్తది, అన్నం తగ్గించి జొన్న రొట్టె తింటది. అన్నిటికీ ఒప్పుకుంది గానీ ఒక్కటి మాత్రం ఆమెకు మింగుడు పడలేదు. నూలు పున్నమికి మార్కండేయ స్వామి రథం చూసొచ్చినంక ఇంటిల్లిపాదీ బాదం పాలు తాగుతాం. ఆమెకు మాత్రం చక్కెర లేని చాయ్ అరకప్పు. "నన్ను పంక్తిలకెల్లి లేపినట్టున్నది బిడ్డా" అన్నది ఒకసారి. ఆ తర్వాత వంటింట్లో చక్కెర డబ్బా మూత రెండుమూడు సార్లు వదులుగా కనబడింది. నేనేమీ అడగలేదు. ఆ వయసులో మనిషిని దొంగను చేసి నిలబెడితే షుగర్ తగ్గుతుందా?

అందరూ ఒకే గిన్నెలోంచి పోసుకుని తాగేది ఏదైనా ఉండాలనిపించింది.

మా దగ్గర ఒక జ్యూస్ దుకాణంలో "షుగర్ ఫ్రీ మిల్క్‌షేక్" అని బోర్డు ఉంటే ఆశగా వెళ్లాను. నా కళ్ల ముందే నాలుగు ఖర్జూరాలు, ఒక అరటిపండు, పైన తేనె వేశాడు. అదేంటంటే "చక్కెర వెయ్యలేదు గదా ఆపా" అన్నాడు. అరటిపండు ఒక్కదాంట్లోనే పాతిక గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. తేనె, ఖర్జూరం కూడా రక్తంలో షుగర్ పెంచేవే. మనవాళ్లలో చాలామందికి బెల్లం మంచిదని ఒక నమ్మకం ఉంది. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే, రంగు వేరు అంతే.

ఇంట్లో నేను చేసేది ఇట్లా. పావుకిలో పల్లీలు సన్నటి సెగ మీద పది పన్నెండు నిమిషాలు వేయించాలి. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. బూజు పట్టినవి, ముడుచుకున్నవి, చేదువి ముందే ఏరి పారేయండి, ఆ బూజులో విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు. చల్లారినంక పొట్టు నలిపి, చెరిగి, తడి లేని చిన్న జార్‌లో వేయాలి. మొదట పొడి అవుతుంది, తర్వాత ముద్ద కట్టి జార్ గోడలకు అంటుకుంటుంది. చాలామంది అక్కడే విసిగి నూనె పోస్తారు. పోయక్కర్లేదు. మిక్సీ ఆపి, గరిటెతో కిందికి దులిపి, వేడెక్కితే కాసేపు వదిలేసి మళ్లీ తిప్పండి. కొద్దిసేపటికి పల్లీల నూనె తానే వదిలి జారుడుగా అవుతుంది. చిటికెడు ఉప్పు వేసి, గాజు సీసాలో నింపి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఒక గ్లాసుకు కాచి, మీగడ తీసి, చల్లార్చిన పాలు 150 మిల్లీలీటర్లు, పల్లీల బట్టర్ ఒక పెద్ద చెంచా, అంటే 15 గ్రాములు, యాలకుల పొడి, దాల్చినచెక్క పొడి కొంచెం, రెండు మూడు ఐస్ ముక్కలు. మిక్సీలో నురగ వచ్చేదాకా తిప్పడమే. దాల్చినచెక్క, యాలకుల వాసనకు నాలుకకు తీపి ఉన్నట్టే అనిపిస్తుంది. పాలల్లో సహజంగా ఉండే చక్కెర ఏడు గ్రాములు, పల్లీల నుంచి మూడు, మొత్తం పది గ్రాముల పిండిపదార్థం దాకా వస్తుంది. క్యాలరీలు మాత్రం సుమారు 180. అందుకే ఇది నాలుగింటి చివ్డా బదులు తాగాల్సింది. చివ్డా తిని పైన ఇది కూడా తాగితే ఒళ్లు పెరుగుతుంది.

మొదటిసారి తాగే ముందు మీటర్‌లో 142 ఉంది. రెండు గంటలకు 165. మీ ఇంట్లో వాళ్లకు ఎట్లా పడుతుందో మీరూ ఒకసారి చూసుకోండి, ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. మొన్న ఏకాదశికి అత్తమ్మ మాత్ర వేసుకుని, ఉపాసమని ఏమీ తినలేదు. మధ్యాహ్నానికి చెమటలు, చేతులు వణుకు. మీటర్‌లో 62. మా చిన్నది ఫ్రిజ్‌లోంచి మిల్క్‌షేక్ గ్లాసు పట్టుకుని ఉరికొచ్చింది, "నానమ్మా తాగు" అని. నేను ఆపాను. పల్లీల్లోని కొవ్వు చక్కెరను నెమ్మదిగా ఎక్కనిస్తుంది. మామూలు రోజుల్లో మనకు కావాల్సిన గుణం అదే, షుగర్ పడిపోయినప్పుడు మాత్రం అదే ఆపద. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాను. పదిహేను నిమిషాలకు 88 అయింది. అప్పుడు రొట్టె పెట్టి, ఆ తర్వాత ఆ గ్లాసు ఇచ్చాను. "చక్కెర నువ్వే పోసినవ్ గదనే ఇయ్యాల" అని నవ్వింది.

కిడ్నీ తక్కువగా పనిచేస్తున్నవాళ్లు, పల్లీలు పడనివాళ్లు దీని జోలికి పోవద్దు, డాక్టరును అడగకుండా అసలే వద్దు. మాత్రలు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఉపాసాల సంగతి కూడా ముందే ఆయనతో మాట్లాడుకోండి.

ఇప్పుడు పల్లీలు వేయించడం అత్తమ్మ పనే. నా చేతి వేయింపు ఆమెకు నచ్చదు. ఆదివారం పూట రెండు సీసాలు నింపుతది, ఒకటి ఎల్లిపాయ కారంతో మా ఆయనకు, ఒకటి ఉత్తది. ఉత్తదాని మీద ఎవరూ చెయ్యి పెట్టొద్దని పిల్లలకు మరాఠీలో చెప్తది, తెలుగులో చెప్తే వినరని.