సుంకం ముందు, సౌందర్యం తర్వాత

ఉప్పల్ రింగురోడ్డులో వరంగల్ బస్సు ఎక్కేవాళ్లకి ఆ దారికీ సముద్రానికీ ఏదో చుట్టరికం ఉందని తోచదు. కానీ తెలుగు తీరాన్ని పరదేశులకు పరిచయం చేసిన రాతల్లో నాకు తెలిసి అన్నిటికన్నా గట్టిది ఆ దారిలో ఉన్న ఓరుగల్లు ఏలికదే. 1244–45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అది. చినగంజాం దగ్గరి మోటుపల్లి ఇప్పుడు చిన్న పల్లె. అప్పుడు ద్వీపాంతరాల ఓడలు ఆగిన రేవు. పర్యాటక కరపత్రాల్లో మెరిసే ఇసుక తిన్నెలు, సూర్యోదయాలు ఆ శాసనంలో లేవు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఇదివరకటి రాజులు మొత్తం లాక్కునేవారని అది దాపరికం లేకుండా చెబుతుంది. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని కడలి దాటి వచ్చేవాళ్ల దగ్గర ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టుకోమని మాటిస్తుంది. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైలో ఒక వంతు; చందనానికి, కర్పూరానికి, ముత్యాలకు వేరే లెక్కలు. కొత్తవాడికి ఊరిని చూపించే పద్ధతి ఇదేనంటాను. నీ దగ్గర ఏం తీసుకుంటాం, ఏం ముట్టుకోం అన్నది ముందు తేలాలి.

అందచందాలు వచ్చినవాడు ఎలాగూ చూసుకుంటాడు, లేనివి కల్పించుకుంటాడు కూడా. ఈ తీరాన్ని ముత్ఫిలి అన్న మార్కోపోలో, లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటికి అంటుకున్న వజ్రాలను పైకి తెస్తాయన్న కథను నిజమన్నట్టే రాశాడు. అదే మనిషి ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నమని రాశాడు, రాజ్యమేలే రాణి న్యాయం తప్పదనీ రాశాడు. వింతల దగ్గర బోల్తాపడ్డవాడు సరుకు దగ్గర, ఏలుబడి దగ్గర నిలబడ్డాడు.

విహారానికి వచ్చేవాడు వర్తకుడు కాదుగా, సెలవుల్లో వాడి చేతిలో షరతుల పట్టిక పెడితే మొహం మాడ్చుకోడా అని అడగొచ్చు. మాడ్చుకుంటే మాడ్చుకోనీ. వాడికి విహారస్థలమైన ఒడ్డు ఊరివాళ్లకు పనిచోటు. మే నెలలో వచ్చినవాడికి వరసగా ఒడ్డున నిలిపిన మోటారు బోట్లు కనిపిస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా వేట నిషేధమని ఎవరూ చెప్పకపోతే ‘ప్రశాంతమైన పల్లె’ అని రాసుకుపోతాడు. మోటారు లేని తెప్పలకు ఆ నిషేధం వర్తించదని తెలిస్తే, ఒక్క తెప్ప మాత్రం లోపలికి ఎందుకు పోతోందో బోధపడుతుంది. అలివి వల సంగతీ అంతే. సముద్రంలో చుట్టి వదిలిన వల రెండు కొసల తాళ్లనూ రెండు జట్లు పట్టుకుని, వెనక్కి అడుగులేస్తూ, ఒకదానికొకటి దగ్గరవుతూ లాగుతాయి. ఫొటో కోసం ఆ మధ్యలో దూరకూడదని దూరక ముందే చెప్పడం మర్యాద.

గణపతిదేవుడిది దయ కాదు, ఖజానా మీద ప్రేమ అంటారు. కావచ్చు, శాసనం కీర్తి, ధర్మం అన్నా సరే. అయినా అంకె రాతిలో చెక్కి ఉంటే, అంతకు మించి అడిగిన అధికారికి వర్తకుడు ఆ రాయి చూపించగలడు. ‘అతిథి దేవోభవ’ను చూపించి ఎవరినీ నిలదీయలేం. మాట ఒకసారి ఇస్తే సరిపోదు కూడా. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ శాసనం వేయించి, కొడుకులు లేకుండా చనిపోయినవాళ్ల ఆస్తి లాక్కునే ఆనవాయితీని ఎత్తేశాడు. శాసనాల్లో అసలు లోటు వేరే ఉంది. మాట్లాడేది రాజు, వినేది వర్తకుడు. పడవ నడిపిన పల్లెకారు ఊసే లేదు. ఇప్పుడు రాస్తే ఆ పల్లెవాళ్లే రాయాలి: వలలు ఆరేసే చోట బండ్లు ఆపొద్దని, తెప్ప ఎక్కితే ఎంతివ్వాలో, గుడిలో ఎంతవరకు రావచ్చో, తుపాను హెచ్చరిక వస్తే ఎవరి మాట వినాలో. పాత రాజుల దోపిడీని గణపతిదేవుడు దాచనట్టే, పోయినేడు బేరాల్లో ఎవరైనా యాత్రికుణ్ణి ముంచి ఉంటే అదీ రాయాలి, మొదటి వాక్యంలోనే.