ప్లైవుడ్ లాంచీలో కొలరాడో లోయ

గ్రాండ్ కాన్యన్ గుండా సాగే కొలరాడో నదికి మైళ్ల లెక్క లీస్ ఫెర్రీ దగ్గర మొదలవుతుంది. ఉత్తర అరిజోనా ఎర్రకొండల మధ్య బండి నీటి అంచుదాకా దిగే రేవు అది. అక్కడ పడవ దింపితే మళ్లీ ఏటి ఒడ్డున బండిదారి తగిలేది 226వ మైలులో, డైమండ్ క్రీక్ దగ్గర. మధ్యలో ఏమైనా జరిగితే ఎవరి తిప్పలు వాళ్లవే.

1949 జూన్ 12న ఆ రేవులో ఎడ్ హడ్సన్ తన పడవ దింపాడు. కాలిఫోర్నియాలోని పాసో రోబుల్స్‌లో మందుల షాపు ఆయనది. పడవ కూడా తను కట్టుకున్నదే: పేరు ఎస్మెరాల్డా 2, పొడవు 19 అడుగులు, ఓక్ కర్ర చట్రం మీద ప్లైవుడ్, కడుపులో 75 హార్స్‌పవర్ల గ్రే మెరీన్ ఇంజను. సరంగు తనే. కొడుకు ఎడ్ జూనియర్, దారి చెప్పడానికి ఓటిస్ 'డాక్' మార్‌స్టన్, ఇంకో ఇద్దరు మిత్రులు తోడెక్కారు. అప్పటికి ఈ లోయను నీటిమీద ఆ కొస నుంచి ఈ కొసకు దాటినవాళ్లు వందమంది లోపే. అందరూ తెడ్లనే నమ్ముకున్నారు. మోటారుతో ఎవరూ దాటలేదు.

మందుల షాపాయన ఇలాంటి ఏటికి సొంత పడవ కట్టుకోగలగడం వెనక ఒక జిగురు కథ ఉంది. పాతకాలపు ప్లైవుడ్ నాలుగు రోజులు నానితే పొరలుపొరలుగా ఊడొచ్చేది. వాషింగ్టన్ రాష్ట్రంలోని అబర్డీన్‌లో జేమ్స్ నెవిన్ అనే రసాయన శాస్త్రవేత్త 1934లో నీటికి లొంగని జిగురు తయారుచేశాడు. దాంతో ప్లైవుడ్ పడవలకు పనికొచ్చింది. ఒక పొర నిలువు ఈనె, తర్వాతి పొర అడ్డ ఈనె కాబట్టి రేకు చీలదు. పలకలు జోడించి సందులు కుక్కే పని చాలావరకు తప్పుతుంది. కాకపోతే రేకు ఒకేవైపు వంగుతుంది, గిన్నెలా గుండ్రంగా రాదు. ఇంటి దగ్గర కట్టిన ప్లైవుడ్ పడవల పొట్ట చదునుగా, పక్కలు మూల తిరిగి ఉండేది అందుకే. యూటా రాష్ట్రంలోని మెక్సికన్ హ్యాట్‌కు చెందిన నార్మన్ నెవిల్స్ 1938లో ఇలాంటి ప్లైవుడ్ పడవలతోనే ఎల్జాడా క్లోవర్, లోయిస్ జాటర్ అనే వృక్షశాస్త్రజ్ఞులను లోయ దాటించాడు. ఈ లోయను పడవలో పూర్తిగా దాటిన తొలి మహిళలు వాళ్లే.

లీస్ ఫెర్రీ దాటాక నాలుగో మైలులో నవాహో వంతెన తలమీద, దాదాపు 140 మీటర్ల ఎత్తున కనబడుతుంది. ఎనిమిదో మైలులో బ్యాడ్జర్ క్రీక్ హోరు వినిపిస్తుంది. పక్క వాగులు కుంభవృష్టికి బండరాళ్లను దొర్లించుకొచ్చి ఏటికి అడ్డంగా పోస్తాయి. ఏరు ఆ కుప్ప వెనక నిండి, పైనుంచి దూకుతుంది. అదే ర్యాపిడ్. పైన అద్దంలాంటి నీరు నాలుకలా సాగి, చివర తోకలా ఎగిరిపడే అలల్లో కలుస్తుంది.

తెడ్లవాడు ఇక్కడ దిగువకు మొహం పెట్టి కూర్చుని, ఎగువకు తెడ్లేస్తాడు. ప్రవాహం కన్నా నెమ్మదిగా పోతూ రాళ్లు చూసుకుని పక్కకు జరుగుతాడు. 1890లలో నథానియేల్ గ్యాలవే అలవాటు చేసిన పద్ధతి అది, నెవిల్స్ పడవలు నడిచిందీ అలాగే. హడ్సన్ లెక్క దీనికి తలకిందులు. చుక్కాని మాట వినాలంటే దాని పక్కనుంచి నీరు ఒరుసుకుపోవాలి. ఏటితో సమానంగా కొట్టుకుపోయే పడవకు చుక్కాని ఉన్నా లేనట్టే. కాబట్టి కిందికి పోయేటప్పుడు లాంచీ ఏటికన్నా వేగంగా ఉరకాలి, లేదా ముక్కు ఎగువకు తిప్పి ఇంజను పట్టుమీద మెల్లగా దిగాలి. మొదటిదాంట్లో రాయిని చూసి ఆలోచించే వ్యవధి చిక్కదు, రెండోదాంట్లో పెట్రోలు కరిగిపోతుంది. ఎలా పోయినా పొట్ట కింద తిరిగే ప్రొపెల్లరుకు గండమే.

24వ మైలు దాటాక వచ్చే ర్యాపిడ్‌లో, హడ్సన్ వెళ్లిన నెల తిరక్కుండానే, జులై 8న బర్ట్ లోపర్ అనే పెద్దాయన పడవ తిరగబడింది. ఎనభయ్యో పుట్టినరోజు ఆ నెలాఖరుకే. ఆయనా తన చేత్తో కట్టుకున్న పడవలోనే వచ్చాడు, తెడ్లతో. పడవ 41వ మైలు దగ్గర దొరికింది. ఆయన ఎముకలు బయటపడింది 1975లో.

61వ మైలు దాటగానే లిటిల్ కొలరాడో ఎడమనుంచి కలుస్తుంది. 77వ మైలులో హాన్స్ ర్యాపిడ్ 30 అడుగులు దిగుతుంది, అక్కణ్నుంచి గోడలు నల్లబడి దగ్గరకు జరుగుతాయి. సుమారు 170 కోట్ల ఏళ్ల నాటి ఈ రాతికి విష్ణు షిస్ట్ అని పేరు. దాని సోదర శిలలు బ్రహ్మ, రామ. తలెత్తితే కనబడే శిఖరాలకు విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అని 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ పెట్టిన పేర్లు నిలిచిపోయాయి. తెలుగువాళ్లు ఇక్కడి మ్యాపు విప్పితే తెలిసినవాళ్ల ఊరికొచ్చినట్టుంటుంది.

జూన్ అంటే రాకీ పర్వతాల మంచు కరిగి ఏరు పొంగే కాలం. అప్పటికి పైన గ్లెన్ కాన్యన్ డ్యామ్ లేదు, నీరు ఇటుక రంగులో ఒండ్రుతో చిక్కగా వచ్చేది. ఏటి నీటినే తోడుకుని చల్లబడే బోటు ఇంజనుకు అలాంటి ఒండ్రు పెద్ద శత్రువు: పంపును అరగదీస్తుంది, గొట్టాల్లో పేరుకుంటుంది.

179వ మైలులో లావా ఫాల్స్. దానికి మైలు ముందు నడి ఏట్లో నల్లటి లావా దిమ్మ, వల్కన్స్ ఆన్విల్, కాపలాదారులా నిలబడుతుంది. 240వ మైలులోని సెపరేషన్ కాన్యన్ దగ్గర 1869లో ఈ లోయ గుండా తొలి పడవ యాత్ర నడిపిన మేజర్ పావెల్ మనుషులు ముగ్గురు ముందున్న ర్యాపిడ్‌కు జడిసి కాలినడకన వెళ్లారు, మళ్లీ తిరిగిరాలేదు. హడ్సన్ వచ్చేసరికి ఆ ర్యాపిడ్ లేదు, హూవర్ డ్యామ్ వెనక నిండిన లేక్ మీడ్ దాన్ని మింగేసింది. జూన్ 16 నాటికి ఎస్మెరాల్డా సరస్సు చేరింది. పావెల్‌కు మూడు వారాలకు పైగా పట్టిన 277 మైళ్లకు హడ్సన్‌కు అయిదు రోజులు చాలాయి.

మరుసటేడు అదే పడవ మొండికేసింది. హడ్సన్ దాన్ని లోయలోనే వదిలి హెలికాప్టర్‌లో బయటపడాల్సొచ్చింది. వెనక వచ్చిన మరో బృందం పడవను పట్టుకుని, ఇంజను బాగుచేసి, లేక్ మీడ్ దాకా నడిపించుకెళ్లింది! ఇప్పుడది గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్కు సేకరణలో భద్రంగా ఉంది.

డాక్ మార్‌స్టన్‌కు మోటారు పిచ్చి వదల్లేదు. 1960లో ఆయన కూడగట్టిన జెట్ బోట్లు లేక్ మీడ్ నుంచి లీస్ ఫెర్రీ దాకా ఏటికి ఎదురెక్కాయి. అలా ఎక్కడం తర్వాత నిషేధమైంది. ప్లైవుడ్ మాత్రం లోయను వదల్లేదు. 1960ల్లో మార్టిన్ లిటన్ ఆరెగాన్ తరహా ప్లైవుడ్ డోరీలు తెచ్చి తెడ్లతోనే యాత్రికులను తిప్పాడు. ఇప్పుడు పెద్ద రబ్బరు రాఫ్టులకు ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా మోటారు అనుమతి ఉంది. మిగతా నెలలన్నీ తెడ్లవాళ్లవే.